ఉత్తరం చదివింది నేనే

మా నాయన ఏకాంబరానికి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. నగరిలో మగ్గం నేసేవాడికి అంకెలు రాకపోతే పూట గడవదు. పడుగులో పోగులు లెక్కపెట్టాలి, అంచులో జరీ ఎన్ని పోగులకొకసారి తిరగాలో గుర్తుంచుకోవాలి. గడియారం చూడగలడు, బస్సు నంబరు చూడగలడు. ఈ సంగతి మొదటే చెప్పి పెడుతున్నాను. నా కోపమంతా దీని మీదే నిలబడి ఉంది.

ఇంటికొచ్చే ఉత్తరాలు చదివేది నేను. 1997 మాఘమాసంలో నాకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. చిత్తూరు నుంచి చౌడమ్మత్త రాసిన ఇన్‌లాండ్ కవరు వచ్చింది. అత్త నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. వచ్చే ఆదివారం కాణిపాకంలో కొడుక్కి పుట్టెంట్రుకలు తీయిస్తున్నామనీ, 11 గంటలకనీ, మేనమామవి నువ్వే కాబట్టి నీ ఒళ్ళోనే బిడ్డను కూర్చోబెట్టాలనీ రాసింది. నాయన నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కవరు తన చేతిలోకి తీసుకుని, అంకె మీద వేలు పెట్టి, "పదకొండు" అని తనే అన్నాడు.

అత్తను పెంచింది నాయనే. అవ్వ చచ్చిపోయేనాటికి ఆయనకు పదహారేళ్ళు, అత్తకు ఆరు. పొద్దున్నే ఆమెకు జడ వేసి బడికి పంపి, ఆ తర్వాత మగ్గంలో కూర్చునేవాడట. పెళ్ళి చేసి పంపాక ఏడేళ్ళకు ఆమె కడుపు పండింది. ఆ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కంటే నాయనకు ఆ ఏడాది వేరే కోరికే లేదు. మాలో తొలి వెంట్రుకలు మేనమామ ఒళ్ళోనే తీయాలి, కొత్తగుడ్డ ఆయనే కట్టాలి. అందుకని పగలు షావుకారు చీర నేసి, సాయంత్రం పూట కూర్చుని, ఆరు రోజుల్లో మూరెడు పట్టుపంచె నేశాడు.

"ఏడాది బిడ్డకు ఇంత జరీ అంచా? వాడేమన్నా పెండ్లికొడుకా?" అంది అమ్మ.

"నా మేనల్లుడు గదా!" అన్నాడు.

బస్సులో పోతే పట్టు నలిగిపోతుందట! నూలు మూటలు తోలే గోవిందు మెటాడోర్ వ్యాను మాట్లాడాడు. ఐదున్నరకల్లా బయల్దేరాం, నాయన, అమ్మ, నేను, మూడేళ్ళ మా తమ్ముడు చిన్నోడు. పంచె ఉన్న తట్టను నాయన ఒడిలో పెట్టుకున్నాడు.

పుత్తూరు దాటుతుండగా ఒక తెల్లకారు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అది ఆదిమూలం పెదనాయనది. నాయనకు పెద్దనాన్న కొడుకు, మా వీధే, ఇరవై పవర్‌లూములు ఉన్నాయి. చెయ్యి ఊపాడు గానీ ఆగలేదు.

"ఈయప్ప ఇంత తెల్లారే యాడికి పోతాండాడు?" అంది అమ్మ.

"చిత్తూర్లో ఏదో పనుంటాది. మనకెందుకు?" అన్నాడు నాయన.

కార్వేటినగరం దాటాక మొదలైంది మా అగచాటు. టైరు పంచరు. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు.

"నిన్ననే సూసుకోవాల్సింది అన్నా," అని గోవిందు తల గోక్కున్నాడు.

"ఆ ముక్క నిన్న చెప్పుంటే బాగుండునప్పా!" అని నాయన తిట్టి, చక్రం దొర్లించుకుపొమ్మని వాణ్ణి ఊళ్ళోకి తోలాడు. వాడొచ్చేలోపల చిన్నోడు తిన్న ఇడ్లీలన్నీ కక్కేశాడు. చొక్కా, నిక్కరు, మార్చడానికి తెచ్చిన జత కూడా పాడైపోయాయి. అమ్మ ఒక పంపుసెట్టు దగ్గర వాణ్ణి కడిగింది. మాఘమాసం చలికి వాడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఆ పంచె ఇట్లియ్యి. కాసేపు చుట్టి మళ్ళా తీసేస్తా. పట్టు వెచ్చగుంటాది," అంది అమ్మ.

"వద్దు. ముందు ఆ బిడ్డ కట్టాల," అని నాయన తన తుండుగుడ్డ తీసి చిన్నోడికి చుట్టాడు. అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను.

శ్రీరంగరాజపురం దగ్గర ఇంజను పొగలు కక్కింది. తాగడానికి తెచ్చిన నీళ్ళన్నీ అది తాగింది. "గోవిందా!" అని అమ్మ దేవుణ్ణి తలుచుకుంటే, "ఏమక్కా?" అని డ్రైవరు పలికాడు. గంగాధరనెల్లూరు దగ్గర చెరుకు ట్రాక్టరు రోడ్డుకడ్డంగా బోర్లాపడి ఉంది. నాయన దిగి, నలుగురితో కలిసి చెరుకు గడలు ఎత్తి పక్కకు వేశాడు. అరచేతులు కోసుకుపోయాయి. ఎక్కాక తట్టను నా ఒడిలో పెట్టి, "నా చేతులు బాగలేవు, నువ్వు పట్టుకోమ్మా," అన్నాడు.

కాణిపాకం చేరేసరికి పదీ ఇరవై. నాయన గడియారం చూసుకుని, ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు. "ఇంకా నలభై నిమిషాలుండాది. చూస్తిరా, అడ్డం ఎన్నొచ్చినా స్వామి పిలిపించుకున్నాడు!"

సత్రం వరండాలో అత్తవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. బిడ్డ తల బోడిగా, గంధం పూసి ఉంది. మెడలో కొత్త బంగారు గొలుసు. బిడ్డ ఆదిమూలం పెదనాయన ఒళ్ళో ఉన్నాడు.

"ఇప్పుడా అన్నా వచ్చేది?" అంది అత్త. "ఎనిమిదింటికని రాస్తినే. ఎంతసేపని సూడాల? పెద్దన్న ఉన్నాడు గాబట్టి సరిపోయింది."

"పదకొండని రాసినావు అత్తా!" అని అరిచాను. "నేనే చదివినా."

అత్త నా వైపు చూడలేదు. వాళ్ళత్త సుబ్బులమ్మ మాత్రం మజ్జిగ గిన్నె కింద పెట్టి లేచింది. "ఉత్తరముంటే తీయండి, అందరం చూస్తాము. లేదంటే స్వామి ముందర ప్రమాణం చేస్తే సరి. తప్పెవురిదో తేలిపోతాది."

మా జిల్లాలో కాణిపాకం ప్రమాణమంటే మాటలు కాదు. అక్కడి కోనేట్లో మునిగి అబద్ధం చెబితే వంశానికి తగులుతుందని పెద్దపెద్దవాళ్ళే వణికిపోతారు. నాయన చెయ్యి చొక్కా జేబు దగ్గరికి పోయింది. కవరు నీలం అంచు నాకు కనిపిస్తూనే ఉంది. అత్తకూ కనిపించింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. బిడ్డ కాలు పట్టుకుంది.

నాయన ఆమెను చూశాడు. చెయ్యి కిందికి దించేశాడు.

"ఉత్తరం ఇంట్లో ఉండాది," అన్నాడు. "ఈ బిడ్డే తప్పు చదివినట్టుండాది. దానికింకా అంకెలు సరిగా రావు."

అందరూ నవ్వారు. "పోనీలేప్పా, చిన్నపిల్ల," అన్నాడు ఆదిమూలం పెదనాయన. పొద్దున మమ్మల్ని దాటిపోయిన పెద్దమనిషి! మా మామను, అంటే అత్త భర్తను, ఆయన తన పవర్‌లూములలో భాగస్తుణ్ణి చేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. సొంత అన్న ఎదురుగా ఉంటే ఆదిమూలం పెదనాయన ఒడికి బిడ్డను ఇవ్వలేరు కదా. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

"నేను ప్రమాణం చేస్తా!" అన్నాను. నాయన నా నోరు మూశాడు. ఆ చేతికి చెరుకు రసం, గ్రీజు వాసన. పట్టుపంచె ఆయనే తీసి అత్త చేతికిచ్చాడు. ఆమె విప్పనైనా విప్పకుండా చదివింపుల పళ్ళేల కింద పెట్టింది. చిన్నోడు తుండుగుడ్డలోనే భోంచేశాడు.

తిరుగు దారిలో నేను నాయన పక్కన కూర్చోలేదు. చాలాసేపటికి ఆయనే వెనక్కి తిరిగాడు. "నువ్వు సరిగ్గానే చదివినావమ్మా. నాకు తెలుసు."

"మరి అందరి ముందర నన్నెందుకు అట్లంటివి?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. ఉత్తరం తీసుంటే మీ అత్త కాపురం ఏమయ్యేది? అబద్ధం ప్రమాణం చేసుంటే ఆ బిడ్డ గతేంది?"

"నా గతి?"

"నువ్వు నా బిడ్డవి గదా. తట్టుకుంటావు."

ఆ మాట నన్ను ఓదారుస్తుందనుకున్నాడు పాపం. జేబులోంచి కవరు తీసి, నాలుగు ముక్కలు చేసి, కిటికీలోంచి వదిలేశాడు. నాకున్న సాక్ష్యం అదొక్కటే. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇది జరిగి పదకొండేళ్ళు. ఇప్పుడు నేను తిరుపతిలో బీఎస్సీ లెక్కలు చదువుతున్నాను. మొన్న నగరిలో చుట్టాల పెళ్ళికి పోతే, అత్త నిండు పందిట్లో నా బుగ్గ గిల్లింది.

"ఏమ్మే, ముహూర్తం ఎనిమిదింటికా, పదకొండుకా? సరిగ్గా చదువుకోనొచ్చినావా?"

ఏ పెళ్ళిలోనైనా ఇదే పరాచికం. అందరూ నవ్వారు. నాయన నా పక్కనే కూర్చుని వక్కాకు నములుతున్నాడు. ఈసారైనా నోరు తెరుస్తాడేమోనని ఆయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు.