రేకు విప్పని మేస్త్రి

మా ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవారు. చెవులు పెద్దవని కాదు. బండి మలుపు తిరగకముందే చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఆయన చేతిలోంచి వెళ్లిన బండి అదే జబ్బుతో తిరిగొచ్చింది లేదు. నలభై ఏళ్లు ఆ పేరుతోనే బతికాడు. నేనూ ఆ పేరునే మెడలో వేసుకుని తిరిగాను.

ఆయన ముట్టేవి వెనక ఇంజనున్న పాత కార్లే. వాటికి నీళ్లు పొయ్యక్కర్లేదు. రేకు తొడుగులో ఫ్యాన్ తిరిగితే ఆ గాలికే ఇంజను చల్లబడుతుంది. కాన్పులు చేసే నర్సమ్మది అలాంటి కారే. డైనమో మార్చి ఇచ్చిన నెలకు ఆవిడ మళ్లీ వచ్చింది.

"మేస్త్రీ, ఎత్తు ఎక్కమంటే మూలుగుతోంది. మాడు వాసన కూడా."

ఆయన తల వంచి విన్నాడు. కార్బొరేటర్ నలత అని శుభ్రం చేసి పంపాడు. వారానికి మళ్లీ అదే మూలుగు. ఈసారి ప్లగ్గులు మార్చి, వాల్వుల సందు సరిచేశాడు.

"ఆ రేకు విప్పి చూడరాదా?" అంది నర్సమ్మ.

"దానికి ఇంజను దించాలి. అంత అవసరం లేదమ్మా, నా చెవి చెబుతోందిగా."

"చెవి సరే, దేవుడు కళ్లు కూడా ఇచ్చాడు కదయ్యా!"

ఆవిడ వెళ్లాక నేనూ అదే మాటన్నాను. "నీ వంటింట్లో నేను వేలు పెడుతున్నానా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడమే అరుదు. అది కూడా ఆ రోజే కావాలా?

మూడో రోజు పొద్దున నర్సమ్మ నొప్పులు పడుతున్న అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, ఎత్తు మీద ఇంజను పట్టేసి బండి ఆగిపోయింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది. వేరే బండి దొరికేసరికి గంటన్నర. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

కారును తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పుడు ఇంజను దించి రేకు విప్పాడు. ఒక పక్క సిలిండర్ల మీద గుడ్డ ముద్ద, సగం కాలి అట్టకట్టి ఉంది. గాలి అటు పోయే దారే లేదు. కాలని కొసన ఆకుపచ్చ అంచు. నా పాత చీర అది, తుడుచుకోమని నేనే చింపి ఇచ్చాను. డైనమో మార్చడానికి ఇంజను దించి రేకు విప్పిననాడు లోపల మరిచిపోయాడు.

"పొయ్యిలో వెయ్యి. ఎలుక గూడు పెట్టిందని చెప్పు. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"నేను చూశాగా" అన్నాడు.

దాన్ని తీసుకెళ్లి నర్సమ్మ బల్ల మీద పెట్టాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకు చెప్పి ఏం లాభం? ఆ తల్లికి చెప్పు" అంది.

ఒక్కణ్ణే పంపడానికి మనసొప్పక నేనూ వెంట వెళ్లాను. ఆ అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు. అత్తగారు శాపనార్థాలు మొదలుపెట్టింది. అమ్మాయి మాత్రం మెల్లగా ఇటు తిరిగి ఒక్కటే అడిగింది.

"రెండోసారి తెచ్చినప్పుడు రేకు విప్పి ఉంటే కనబడేదా, బాబాయ్?"

"ఏమో తల్లీ" అంటే సరిపోయేది. అనమని వెనక నుంచి చొక్కా లాగాను కూడా.

"మొదటిసారే కనబడేదమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి మళ్లీ గోడవైపు తిరిగింది. అత్తగారు తిట్లు ఆపి, లేచి, తలుపు బార్లా తెరిచి పట్టుకుంది, మేం బయటికి వెళ్లేదాకా.