లారీ బ్యాటరీల మెకానిక్ గారు

మా మెకానిక్ గారు పోయారన్న కబురు ముందు నా చెవిలోనే పడింది. పోయిన బుధవారం పొద్దున్న కాకినాడ నుంచి ట్రంకు కాలు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఆయన అల్లుడు. "ఎక్స్ఛేంజి వాళ్లకే చెప్పాలండి, ఇంకే నంబరూ వద్దు," అన్నాడు. "ఎక్స్ఛేంజే మాట్లాడుతోందండి, చెప్పండి," అన్నాను. చెప్పాడు. ఆ తర్వాత మాటల్లేవు, ఏడుపే. మూడు నిమిషాలు కాగానే లైను తీసెయ్యాలి. నేను తియ్యలేదు. రూలు ప్రకారం అది తప్పు. కావలసినవాళ్లు రాసుకోవచ్చు.

నేను పనిచేసేది కోనసీమలో ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ఊరి పేరు రాయడం లేదు. భయపడి కాదు. ఈ జ్ఞాపకాల్లోకి రావలసిన ఒక ఇంజనీరు గారికి ఆ మాత్రం ప్రచారం కూడా నా చేత్తో చేసిపెట్టడం ఇష్టంలేక.

డెబ్బైల మధ్యలో నేను ఆపరేటరుగా చేరేనాటికి మెకానిక్ గారికి నలభై దాటాయి. వాళ్ల నాన్న ఊళ్లో రైతుల దగ్గర పాలేరు. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నారు. ఆయన ఖాకీ ప్యాంటు నిండా బ్యాటరీ యాసిడు తిన్న చిల్లులు. ప్రతి చిల్లుకీ వాళ్లావిడ వేసిన మాసిక. పారేసిన రేడియోల్లోంచి ఏరుకున్న ముక్కలతో సబ్బుపెట్టెలో ఒక చిన్న రేడియో చేసుకున్నారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, అది చెవి దగ్గర పెట్టుకుని వార్తలు వినేవారు. ఇంగ్లీషులో ఉన్న లావుపాటి ఎక్స్ఛేంజి మాన్యువలుని డిక్షనరీ పక్కన పెట్టుకుని పేజీ పేజీ చదివారు. ఆ పుస్తకం మా ఇంజనీరు గారి బల్ల మీద ఏడాదిపాటు పేపర్ వెయిట్‌గా ఉండేది. అంతకన్నా దానితో ఆయనకి పని పడలేదు.

మాకు పని నేర్పింది ఆయనే. చేరిన కొత్తలో ఒక కొబ్బరి వ్యాపారి, విశాఖపట్నం లైను ఇంకా కలపలేదని నన్ను నానా మాటలూ అన్నాడు. స్విచ్‌బోర్డు ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే మెకానిక్ గారు వెనక నుంచి, "ఆయన అరవట్లేదండి అమ్మాయిగారూ, లైను అరుస్తుందనుకోండి. లైను మీద ఎవరైనా కోపం తెచ్చుకుంటారా?" అన్నారు. మరోసారి ఎక్కడో తెగిన లైను కోసం లైన్‌మన్లని పంపుతూ అన్న మాట: "కంప్లయింటు ఇచ్చినోడు పెంచి చెప్తాడండి, ఆఫీసరు తుంచి రాస్తాడండి, తీగొక్కటే ఉన్నదున్నట్టు చెప్తాది."

మా ఇంజనీరు గారి సంగతి కూడా చెప్పాలి. డిగ్రీ ఉంది. జీపు ఉంది. తీగకి ఏ చివర ఏముంటుందో తెలియదు. ఫాల్టు వస్తే ముందు గొంతు సవరించుకునేవారు, తర్వాత "ఏమయ్యా, ఇంకా అవలేదా?" అనేవారు. ఆయన సాంకేతిక పరిజ్ఞానం అంతటితో సరి. ఆయన గదిలో మంచినీళ్ల కుండ పక్కన రెండు గ్లాసులుండేవి. ఒకటి స్టీలుది. ఇంకొకటి కిటికీలో విడిగా బోర్లించిన గాజుది. ఆ గాజుది ఎవరి కోసమో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. మెకానిక్ గారు దాన్ని ఒక్కనాడు ముట్టుకోలేదు. సైకిలు హ్యాండిలుకి తన నీళ్ల సీసా తగిలించుకుని వచ్చేవారు.

ఎక్స్ఛేంజి అంతా బతికేది గోడ వెనక గదిలోని బ్యాటరీల మీద. కరెంటుతో అవి చార్జి అవుతాయి. కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. మా జనరేటరు ఏడాదిగా పాడై ఉంది. దానికి కావలసిన సామాను కోసం మెకానిక్ గారు మూడుసార్లు కాగితం పెట్టారు. మూడుసార్లూ ఇంజనీరు గారు దాని మీద "చూద్దాం" అని రాశారు. చూసింది లేదు.

ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. వస్తుందని రేడియో చెప్పగానే ఇంజనీరు గారికి రాజమండ్రిలో మీటింగు గుర్తొచ్చింది. జీపు కూడా ఆయనతో వెళ్లిపోయింది. తెల్లారేసరికి ఊరంతా కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. రోడ్లు లేవు, కరెంటు లేదు. మెకానిక్ గారూ ముగ్గురు లైన్‌మన్లూ మొలలోతు నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి, చెట్లు నరికి, అమలాపురం ట్రంకు లైను ఒక్కటి మూడో రోజు పొద్దుటికి కలిపారు. తీరా కలిపాక చూస్తే మా బ్యాటరీలు అయిపోయాయి. బోర్డు మీద దీపాలు ఒకటొకటే ఆరిపోయాయి.

అప్పుడే గవర్నమెంటు డాక్టరు గారు మోకాళ్ల దాకా బురదతో మా గది గుమ్మంలోకి వచ్చారు. కాట్రేనికోన వైపు సముద్రపు ఒడ్డు పల్లెల వాళ్లని హైస్కూల్లో ఉంచారు. వాళ్లకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి.

"సెలైను అయిపోయిందండి. పొద్దున్న ఇద్దరు పిల్లలు పోయేరు. సాయంత్రం లోపల కాకినాడ నుంచి రాకపోతే ఇంకెంతమంది పోతారో నేను చెప్పలేను," అన్నారాయన.

మెకానిక్ గారు ఆయన్ని కూర్చోమనలేదు, ధైర్యం చెప్పలేదు. "గంట టైమివ్వండి," అని సైకిలెక్కారు. రోడ్డు మూసుకుపోయి కదల్లేని కొబ్బరి లారీలు స్టాండులో ఉన్నాయి. డ్రైవర్లని అడిగారు. వాళ్లు మారుమాట్లాడకుండా బ్యాటరీలు విప్పి ఇచ్చారు. నాలుగు బ్యాటరీలు సైకిలు క్యారియర్ల మీద వచ్చాయి. వాటిని వరసగా ఒకదానికొకటి కలిపి, మా బ్యాటరీల తీగలు ఊడదీసి వీటికి బిగించారు. బోర్డు మీద ఒక దీపం వెలిగింది.

"ఇప్పుడు పిలవండమ్మాయిగారూ."

నేను అమలాపురం తీగ గుచ్చి రింగిచ్చాను. అటునుంచి ఒక ఆపరేటరు గొంతు, "హలో! బతికే ఉన్నారాండీ మీరు?" అంది. అమలాపురం మీదుగా డాక్టరు గారు కాకినాడతో మాట్లాడారు. పొద్దు గుంకే లోపల సెలైను లాంచీ మీద గోదావరి దాటి వచ్చింది. ఆ తర్వాత ఆ హైస్కూల్లో ఎవరూ పోలేదు.

ఇంజనీరు గారు ఆరో రోజు వచ్చారు. ఇస్త్రీ చొక్కా. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఫొటో తీయించుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆ ఫోను వైరు ఊడిపోయి ఉంది. "నా పర్యవేక్షణలో" అని మొదలుపెట్టి పైకి రిపోర్టు రాశారు. పైనుంచి మెప్పుకోలు ఉత్తరం వచ్చింది. దానితోపాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది: జనరేటరు లేకుండా కరెంటు ఎక్కడిది?

దాంతో మా మెకానిక్ గారికి ఇంజనీరు గారి నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా ప్రైవేటు లారీల బ్యాటరీలు ప్రభుత్వ పరికరాలకు తగిలించినందుకు సంజాయిషీ చెప్పాలిట. ఇంజనీరు గారు ఊళ్లోనే ఉన్నారట, అయినా ఆయనకి తెలియకుండా ఇదంతా జరిగిందట. ఒకే కాగితంలో రెండు అబద్ధాలు ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా కూర్చున్నాయి.

మెకానిక్ గారు తెలుగులో ఒకే వాక్యం రాసి ఇచ్చారు: "అనుమతి అడగవలసిన ఫోను పనిచేయుటకే బ్యాటరీలు తగిలించితిని."

ఇప్పుడు నా సంగతి. గాలివాన రోజుల్లో ఇంజనీరు గారు ఎక్స్ఛేంజిలోనే ఉన్నారని ఒక కాగితం టైపు చేయించి నా ముందు పెట్టారు. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. సంతకం పెట్టాను. ఇంజనీరు గారిని తిట్టుకోవడం నాకు తేలికే. ఆ కాగితం కింద ఉన్న నా గుండ్రటి అక్షరాలని తిట్టుకోవడమే కష్టం. మర్నాడు మెకానిక్ గారి దగ్గర తల దించుకుని నిలబడితే, "మీకింకా పర్మనెంటు అవ్వలేదు కదండి. నేనైనా పెడుదునేమో," అన్నారు. ఆయన పెట్టరు. ఆయన పెట్టరని నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఆయన ప్రమోషను ఆగిపోయింది. ఆయన తర్వాత చేరినవాళ్లు ఆయన పైకి వెళ్లారు. వెళ్లి, సర్క్యూటు బొమ్మ అర్థంకాక మళ్లీ కిందికొచ్చి ఆయన్నే అడిగేవారు. ఆయన చెప్పేవారు. వాళ్లు వెళ్లాక నాతో, "తెలీదు అనడం రానోడికి రిపేరు ఎలా వస్తాదండి?" అనేవారు. ఆయన నోటి నుంచి నేను విన్న తిట్లలో పెద్దది అదే.

మొన్న గురువారం చర్చిలో మెకానిక్ గారి అంత్యక్రియల ఆరాధనకి ఇంజనీరు గారు వచ్చారు. ఇప్పుడు చాలా పెద్ద ఆఫీసరు. దండ తెచ్చారు. "మాదంతా ఒకే కుటుంబం. నా చేతికింద తయారైన మనిషి," అన్నారు. "ఆ గాలివాన రోజుల్లో మేమిద్దరం పక్కపక్కనే నిలబడి..." అని కూడా అన్నారు. పాస్టరు గారు, ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగారు. నేను లేచాను.

"ఆ గాలివానప్పుడు ఈయన ఊళ్లో లేరండి. ఉన్నారని నేను సంతకం పెట్టేను. అది అబద్ధమండి. లైను కలిపిందీ, బ్యాటరీలు తెచ్చిందీ ఈ పెట్టెలో ఉన్న మనిషండి."

ఇంజనీరు గారు గొంతు సవరించుకున్నారు. "ఇది సందర్భం కాదమ్మా," అన్నారు.

ముందు బెంచీలో కూర్చున్న మెకానిక్ గారి భార్య వెనక్కి తిరిగారు. గొంతు పెంచకుండానే, "ఆయ్, ఇదేనండి సందర్భం. కూచోండి," అన్నారు.

ఆయన కూర్చున్నారు. సమాధుల తోట దాకా మాత్రం రాలేదు. జీపు అటునుంచటే వెళ్లిపోయింది. ఇది చదివి నాకూ మెమో పంపిస్తే పంపించనివ్వండి. జవాబు ఎలా రాయాలో మంచి మనిషి దగ్గరే చూశాను.

పెట్టెని గోతిలోకి దించింది మా ముగ్గురు లైన్‌మన్లు. ఎవరూ చెప్పకుండానే తాళ్లు అందుకున్నారు, ఒక్క కుదుపు లేకుండా వదిలారు. మట్టి వేశాక, అలవాటు చొప్పున చుట్టూ తిరుగుతూ కాళ్లతో గట్టిగా తొక్కారు. తొక్కి, ముగ్గురూ ఒక్కసారే రెండడుగులు వెనక్కి వేసి, పాతిన స్తంభం నిటారుగా నిలబడిందో లేదో చూసేవాళ్లలాగా తలలెత్తి పైకి చూశారు. అక్కడ ఏమీ లేదు, ఆకాశం తప్ప. అయినా చాలాసేపు చూస్తూనే ఉన్నారు.