మారిషస్‌లో దోసెపెనం

ఎండ కోసం విమానమెక్కి సముద్రాలు దాటి వచ్చే మనుషులు ఉంటారని నాకు అరవై దాటేదాకా తెలియదు. తెలిసిన రోజే ఒళ్ళు మండింది. మా పూతలపట్టులో ఏప్రిల్ నెలలో తారురోడ్డు మీద నడిస్తే చెప్పు రోడ్డుకే అంటుకుపోతుంది. దాన్ని చూడటానికి ఇన్నేళ్ళలో ఒక్కడూ వచ్చి ఫొటో తీసుకున్న పాపాన పోలేదు.

"ఆడ ఎండే యాపారం పెద్దాయనా," అన్నాడు తిరుపతిలో విదేశాలకు పనివాళ్ళను పంపే ఏజెంటు. బస్టాండు వెనక సందులో, సెల్‌ఫోన్ల అంగడి పైన అతని ఆఫీసు. "తెల్లోళ్ళు వాళ్ళ ఊర్లో చలికి ఓర్సుకోలేక ఆడికొచ్చి ఇసకలో పండుకుంటారు. మనోళ్ళు గూడా పెండ్లిండ్లు ఆడనే పెట్టుకుంటా ఉండారు. సీజన్ నాలుగు నెలలు. అది అయిపోతానే నువ్వు ఇంటికొచ్చేయొచ్చు."

ఆడ అంటే మారిషస్. సముద్రం ఒడ్డున ఏదో పెద్ద హోటలు. దానికి మన వంటలు తెలిసిన మనిషి కావాలట.

నేను పెళ్ళిళ్ళ వంటమాస్టర్ని. పదివేల మందికి ఒంటిచేత్తో వండానని చాలామందికి చెప్పాను. మా చుట్టుపక్కల ఏ పెళ్ళికీ పదివేల మంది రారు. వెయ్యి మంది వచ్చిన పెళ్ళి ఒకటుంది. అందులో సగం మంది వాన పట్టుకునేసరికి తినకుండానే వెళ్ళిపోయారు. అయినా మిగతా సగానికి వండింది నేనే కదా. నేల తవ్వి, పొడుగ్గా గాడిపొయ్యి పెట్టి, దాని మీద వరసగా అండాలు ఎక్కించి, ఆ పొగలో రాత్రీ పగలూ ఒకటి చేసుకున్నవాణ్ణి.

ఇప్పుడు గాడిపొయ్యి ఎవరికి కావాలి? కల్యాణమండపంలో నేల తవ్వితే జరిమానా వేస్తారు. నెత్తిన టోపీలు, చేతులకు సంచులు తొడుక్కున్న కుర్రాళ్ళు వ్యాన్లో దిగుతారు. ఎక్కడో వండి తెచ్చిన సాంబారును ఇక్కడ వెచ్చబెట్టి, దాని పేరు ఇంగ్లీషులో రాసిన అట్ట ఒకటి ముందు నిలబెడతారు. మా ఊళ్ళోనే జరిగిన ఒక పెళ్ళికి నన్ను పిలిచి, పందిట్లో మొదటి వరసలో కుర్చీ వేశారు. నన్ను! వంటశాల వైపు వెళ్ళబోతే, "పెద్దాయనా, మీరు కూర్చోండి" అన్నాడు ఒక టోపీవాడు. ఆ కుర్చీని నేను జన్మలో మరిచిపోను.

అందుకే మారిషస్ మాట వినగానే తలూపాను. డబ్బు కోసం కాదని అందరితో అన్నాను. మా ఆవిడ అక్కడే ఉండి నవ్వింది కాబట్టి ఇప్పుడు సరిచేస్తాను: డబ్బు కూడా కావాలి. కానీ అంతకంటే ముందు, ఇంకొక్క సీజను పొయ్యి ముందు నిలబడి, పంక్తులు పంక్తులుగా జనానికి నా చేత్తో వండిపెట్టాలి. నాకు కావలసింది అదే.

పరీక్ష పెట్టారు. తిరుపతిలో ఒక మండపం వంటగది అద్దెకు తీసుకుని, వండి చూపించమన్నారు. చింతపండు పులిహోర కలిపాను. శనగకాయలు వేయించి, మిరపకాయలతో రోట్లో వేసి ఊరిబిండి నూరాను. ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చాను. ఏజెంటు తన ఫోన్ను ఒక కర్రకు తగిలించి నా ముందు నిలబెట్టాడు. అందులో మారిషస్ హోటలు మేనేజరు, కోటు వేసుకుని కూర్చుని చూస్తున్నాడు.

ఇక్కడ నా మీసం గురించి చెప్పాలి. దాని మీద నిమ్మకాయలు నిలబడేవని చెబుతుంటాను. ఒకే ఒక్కసారి, ఒక నిమ్మకాయ నిలబడింది, అదీ నేను వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు. అయినా మీసం మంచిదే. చెంపల దాకా పోయి మళ్ళీ పైకి లేచేది.

"పెద్దాయనా, కొంచెం ఇట్ల తిరుగు," అన్నాడు ఏజెంటు. "తలకి ఈ తువాలు సుట్టుకో. ఆఁ. ఇప్పుడు మీసం ఒకసారి మెలెయ్యి."

"వంటకీ మీసానికీ ఏం సంబంధమప్పా?"

"శుభ్రంగా ఉండావో లేదో సూస్తారు. మెలెయ్యి."

మెలేశాను. ఫోన్లో మేనేజరు బొటనవేలు చూపించాడు. ఏజెంటూ, అతని దగ్గర పనిచేసే వాళ్ళూ పులిహోర గిన్నె ఖాళీ చేశారు. బస్సు దిగి ఇంటికి వచ్చేలోపు ఊళ్ళో ఎదురుపడ్డవాడికల్లా చెప్పాను, నా ఊరిబిండికి ఆ మేనేజరు వేళ్ళు నాకాడని. చేతిలో పెట్టి తినిపించినట్టే చెప్పాను. చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మాను. అదే నా కొంప ముంచింది.

పని దొరికితే తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కుకున్నాను. పని ఖాయమైందని ఏజెంటు ఫోన్ చేసిన రోజు ఆ మాట ఆవిడకు చెప్పాను.

"పోయొచ్చినాక ఇయ్యొచ్చు గదయ్యా," అంది. "స్వామి యాడికి పోతాడు? ఆడనే ఉంటాడు."

"పోయొస్తే అని మొక్కలేదే. పని దొరికితే అని మొక్కినా. దొరికిండాది."

"ఇమానం ఎక్కినాకనే దొరికినట్టు."

"రేపు కాయితాలు ఇచ్చేదానికి తిరుపతికి పోతా ఉండా. కొండ కింద దాకా పోయి, మొక్కు తీర్సకుండా ఎనక్కి వచ్చేది మన ఇంట్లో ఉండాదా? సెప్పు?"

దూరాల నుంచి వచ్చేవాళ్ళు ఏళ్ళ తరబడి మొక్కు మోసుకుని తిరుగుతారు. రైలు దొరకలేదంటారు, సెలవు దొరకలేదంటారు. కొండ పక్కనే పుట్టినవాళ్ళం, మాకు ఏ సాకూ చెల్లదు. మా నాయన అయితే మొక్కుకున్న వారం లోపే గుండుతో కనిపించేవాడు.

అలిపిరి నుంచి మెట్లన్నీ ఆగకుండా ఎక్కానని చెప్పాను కొందరికి. బస్సులో వెళ్ళాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. కల్యాణకట్టలో తల వంచి కూర్చుంటే, క్షురకుడు తల తడిపి ఒకేమాట అడిగాడు: "మీసం ఉంచేదా?"

నేను ఆలోచించాను. చాలాసేపే ఆలోచించానేమో, వెనక వరుసలో ఎవరో గొణిగారు. సగం ఇచ్చి సగం దాచుకుంటే అది మొక్కెలా అవుతుంది? "తీసెయ్యప్పా," అన్నాను. ఛాతీ విరుచుకుని చెప్పానని తర్వాత అన్నాను గానీ, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రెండు గీతల్లో అయిపోయింది. గుండుకు చందనం పూసుకుని, దర్శనం చేసుకుని, లడ్డూ ఒకటి ఏజెంటు కోసం విడిగా పట్టుకుని కొండ దిగాను.

ఏజెంటు లడ్డూ వైపు చూడలేదు. నా ముఖం చూస్తూ లేచి నిలబడ్డాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"గుండు."

"అది కనబడతా ఉండాది. మీసం యాడ?"

"స్వామి దగ్గిర."

తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "ముంచేసినావు గదబ్బా నన్ను! వాళ్ళు నిన్ను దేనికి తీసుకున్నారు అనుకుంటివి?"

"దేనికేంది? పులిహోరకి. ఊరిబిండికి."

"ఫోన్లో పులిహోర రుసి ఎట్ల తెలుస్తాది పెద్దాయనా?"

ఆ ప్రశ్న అంతకుముందు నాకు తట్టలేదు. ఊరంతా తిరిగి వేళ్ళు నాకాడని చెప్పినవాడికి ఎలా తడుతుంది?

అప్పుడు మొత్తం చెప్పాడు. హోటల్లో ఇసక పక్కన ఒక దోసెల బల్ల పెడతారట. దాని వెనక తలపాగా, మీసం ఉన్న మనిషి నిలబడాలి. వచ్చినవాళ్ళు అతనితో ఫొటోలు దిగుతారు. దోసెలు లోపల వేరేవాళ్ళు వేస్తారు. "నువ్వు ఊరికే నిలబడి, ఎవురైనా సూస్తా ఉంటే ఒకటి తిప్పినావంటే సాలు. దానికి వంట ఎవురికి కావాల?"

"మరి నాతో అంత వంట ఎందుకు చేయించినావురా?"

"మా వాళ్ళకి ఆకలిగా ఉండె."

ఆ మాటకు నేను అతని బల్ల ఎత్తి కిందపడేశానని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను చెబితేనే చెప్పుకుంటున్నారు. బల్ల గోడకు బిగించి ఉంది, కదల్లేదు. బల్ల మీది నీళ్ళ సీసాను తోశాను. దానికి మూత పెట్టి ఉండటంతో చుక్క కూడా ఒలకలేదు. అదింకా కోపం తెప్పించింది.

"అంటించుకునే మీసం ఉంటాది, నాటకాలోళ్ళది," అన్నాడతను సీసా తీసి నిలబెడుతూ. "ఈ సీజన్‌కి దాంతో కానిద్దామా?"

దేవుడికి అసలుది ఇచ్చి, హోటలుకు దొంగది పెట్టుకుని పోవాలా? లడ్డూ వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఇది మాత్రం నిజం, బస్సులో నేనే తిన్నాను.

నా బదులు సత్యవేడు నుంచి ఒక మనిషిని పంపారు. వంటవాడు కాదు, లారీ డ్రైవరు. కోరమీసం ఉంది, అంతే. ఏజెంటు అతని ఫొటోలు వాట్సాప్‌లో పెడుతూ వచ్చాడు, నేను చూడాలనే పెట్టాడేమో. వెనక నీలంగా సముద్రం. పక్కన చిన్న బట్టల్లో తెల్లవాళ్ళు. నడుమ మావాడు, ఎర్ర తలపాగాతో, అట్లకాడను గేరురాడ్డులాగా బిగించి పట్టుకుని. పెనం మీద దోసె అంచులు నల్లగా మాడి ఉన్నాయి. ఆ మాడిన దోసె పక్కన అందరూ నవ్వుతున్నారు! ఫోన్ను విసిరికొట్టబోయి, పరుపు మీదికి విసిరాను.

విమానం మా ఇంటి ముందు దిగినా ఇక ఎక్కనని రచ్చబండ దగ్గర ప్రకటించాను. ఇంటికి వచ్చి, మళ్ళీ మొలుస్తున్న మీసానికి ఆముదం రాసుకున్నాను. ఎందుకంటే పొయ్యి లేకుండా ఇంకో ఏడాది గడిచిపోతోంది, పెళ్ళిళ్ళలో నా కుర్చీ మొదటి వరస నుంచి కదల్లేదు. అట్లకాడ పట్టుకుని నిలబడితే ఏదో ఒకరోజు లోపలి వంటగదిలోకి వెళ్ళనివ్వరా అనుకున్నాను.

మళ్ళీ సీజను వచ్చే ముందు ఏజెంటు ఫోన్ చేశాడు. "మీసం వచ్చిందా పెద్దాయనా?"

"వచ్చిండాది. ఫొటోలకి నిలబడతా. కానీ పిండి నేనే రుబ్బుకుంటా, దోసె నేనే పోస్తా. నా బల్ల ముందర మాడింది ఎవురికీ పెట్టకూడదు. అది ఒప్పుకుంటే వస్తా."

"అడిగి సెప్తా," అన్నాడు.

అడిగాడు, అది అతని మంచితనమే. మర్నాడు పొద్దున, నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే ఫోన్ వచ్చింది. "పిండి పాకెట్లలో వస్తాదంట పెద్దాయనా. నిన్ను పెనం మీద చెయ్యి పెట్టొద్దంటా ఉండారు. పోయినేడు డ్రైవరు మాడ్సినాడని ఇప్పుడు నువ్వు తిప్పే ఆ ఒకటి గూడా లోపల్నించే తెస్తారంట. నువ్వు ఊరికే నవ్వాల, అంతే."

అతణ్ణి ఏకిపారేశానని, నీ మేనేజర్ని తీసుకొచ్చి ఆకు ముందు కూర్చోబెట్టు, మీసం లేకుండానే వడ్డిస్తా చూడు అన్నానని మీరు ఎవరి దగ్గరైనా వింటే, అది నేను ప్రచారం చేసిందే. నేను అన్నది, "అట్లనా అప్పా," అని. అది కూడా అతనికి వినబడిందో లేదో.

ఫోన్ గోడ మీద పెట్టి, నీళ్ళతొట్టి పక్కన అద్దం ఆనించి, సబ్బు కూడా రాయకుండా మీసం గీసేశాను. ఒకచోట తెగింది.

ఆవిడ వంటింటి గడపలో నిలబడి చూసింది. "ఇప్పుడెవురికి మొక్కినావయ్యా?"

ఆవిడ మీద అరిచాను. ఆవిడ తప్పేమీ లేదు. ఏజెంటు మీద అరవాల్సిందంతా, మేనేజరు మీదా, టోపీవాళ్ళ మీదా అరవాల్సిందంతా ఆవిడ మీద అరిచాను. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. ఆవిడ చివరిదాకా విని, "అరిసింది సాలు. సంగటి అడుగంటతా ఉండాది, వచ్చి గెలుకు. నా చెయ్యి నొప్పి," అని లోపలికి పోయింది.

వెళ్ళాను. గ్యాసుపొయ్యి మీద చిన్న గిన్నె, ఇద్దరికి సరిపడా రాగిసంగటి. రక్తం తుడుచుకోకుండానే సంగటి కలిపే కట్టె పట్టుకుని గెలికాను. ఒక్క ఉండ కట్టనివ్వలేదు. అంత చిన్న గిన్నె మీద అంత కోపంగా ఎవరూ గెలికి ఉండరు. కట్టె విరిగింది.