మడతలో పడిన ముఖం

ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాలకు గుండె గదులు, పువ్వుల నిలువుకోతలు గీసిన ఆమెను తోటివారు 'స్కేలమ్మ' అనేవారు. స్కేలు పెట్టకుండా ఆమె ఏ గీతా గీసేది కాదు. పిల్లల కథలకు బొమ్మలు వేయాలన్న కోరిక బయటపెట్టిన రోజున ఆడపడుచు పకపకా నవ్వింది.

"నువ్వు గీసే మనుషులకు చర్మమే ఉండదు కదా వదినా! పిల్లలు జడుసుకుంటారు."

ఎందరికి రాసినా, రమ్మన్న ప్రచురణ సంస్థ ఒక్కటే. ఒక కథ ఇచ్చి, ఎదురెదురు పేజీలు రెండింటినీ కలిపి ఒకే మచ్చుబొమ్మ వేసి తెమ్మన్నారు. అదే కథకు మరో చిత్రకారుడి మచ్చు కూడా వచ్చింది. పుస్తకం ఇద్దరిలో ఒకరికే. ఇది చేజారితే ఆమెకు మళ్లీ గుండె గదులే గతి.

స్కేలమ్మ తెచ్చిన బొమ్మను ఆ సంస్థ ఎడిటరమ్మ చాలాసేపు చూసింది. ఇల్లు మారే సంగతి అమ్మానాన్నలు మాట్లాడుకుంటూ ఉంటే, తలుపు చాటున నిలబడి వింటున్న పాప. ఆ కళ్లలోని బెదురు నీటిరంగుల్లో చక్కగా పలికింది.

ఎడిటరమ్మ కాగితాన్ని సరిగ్గా నడిమికి మడిచి, మడతను వేళ్లతో బిగించి పట్టుకుంది. పాప ముఖం మాయమైంది.

"చూశారా? పుస్తకానికి కుట్టు పడేది ఇక్కడే. పాప ముక్కూ మూతీ అది మింగేస్తుంది."

స్కేలమ్మ ఇన్నేళ్లూ గీసినవి ఒంటిపేజీ పటాలు. వాటిలో ముఖ్యమైనది నట్టనడుమ ఉండాలి. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచింది. బల్లకు అవతల రెండో మచ్చు కనిపిస్తోంది. అందులో పాప ఎడమ పేజీలో భద్రంగా ఉంది. ఎడిటరమ్మ చేయి అటే కదిలింది.

"ఒక్క నిమిషం అండీ! కుట్టిన తెల్లపుస్తకం ఏదైనా ఉందా?"

"ఇప్పుడా? ఇక్కడేనా?"

"ఇక్కడేనండీ. బాగోకపోతే లేచి వెళ్లిపోతాను."

పుస్తకం వచ్చింది. స్కేలమ్మ పెన్సిలుతో తలుపు అంచును సరిగ్గా మడత వెంబడి దించింది. ఎడమ పేజీలో చెవి ఒగ్గిన పాప. కుడి పేజీలో అమ్మానాన్నలు.

ఎడిటరమ్మ పేజీని సగం మూసి, తెరిచింది. పేజీతో పాటు తలుపూ కదిలింది. మళ్లీ మూసింది. మళ్లీ తెరిచింది.

"చెవి మరీ చేటంత వేశారేంటి?"

"వింటోంది కదండీ మరి."

ఎడిటరమ్మ నవ్వలేదు. రెండో మచ్చును కవరులో పెట్టి, పైన 'వాపసు' అని రాసింది.

"ముందు ఆ చెవి తగ్గించండి. మిగతా పేజీల సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

స్కేలమ్మ రబ్బరు కోసం చేయి చాచింది.