మూడో తూరి చెప్పని పాట

మామ పోయాడన్న కబురు నాకు కుప్పం నుంచి వచ్చింది. మనిషి పోయింది మదనపల్లెలో, నేనుండేది పుంగనూరులో, మధ్యలో కుప్పం ఎందుకు వచ్చిందా అని మీకు అనిపిస్తుంది. మా అత్త అందరికంటే ముందు ఫోన్ చేసింది కుప్పంలో ఉండే దర్జీ అన్నకు. ఆయన మా బడి ఆఫీసుకు ఫోన్ చేసి, "అమ్మా, మామ లేడు" అన్నాడు. మళ్లీ ఆయనే, "అక్క ఆ పాట తెమ్మనిందమ్మా. క్యాసెట్టు టేపు నలిగిపోయుండాదని చెప్పేదానికి నాకు నోరు రాలేదు" అన్నాడు.

మీలో మా మామను ఎరిగినవాళ్లు తక్కువ. ఎరిగినవాళ్లు కూడా గొంతుతోనే ఎరిగి ఉంటారు. మదనపల్లె టమోటా మండీలో వేలంపాట చెప్పేవాడు. తెల్లారేసరికి మెడకు తువ్వాలు చుట్టుకుని, మిరియాల నీళ్లు తాగి, బాక్సుల వరుస మీద ఎక్కి నిలబడేవాడు. లారీల హారన్లు, హమాలీల కేకలు, రైతుల గొడవ, అన్నింటి మీదుగా ఆయన గొంతు వినబడేది. "ఒకటో తూరి... రెండో తూరి... మూడో తూరి!" మూడో తూరి అన్నాక పాట కొట్టేసినట్లే. సరుకు ఎవరిదో తేలిపోతుంది, ఇంక బ్రహ్మదేవుడు వచ్చినా మార్చలేడు.

పాట అంటే మా ఇంట్లో ముందు ఆ పాటే. నోరు తెరిచి రాగం తీయడం మామకు చేతనయ్యేది కాదు. పెళ్లిళ్లలో మంగళహారతికి తల ఊపితేనే గొప్ప. అట్లాంటి మనిషికి తొంభైల్లో, నడివయసులో, బెంగుళూరు రాక్ బ్యాండు పిచ్చి పట్టింది.

అది కూడా చొక్కా గుండీ వల్ల. అత్తది కుప్పం. పండక్కి అత్తవారింటికి పోయిన మామ చొక్కా గుండీ ఊడితే, ఆ వీధిలోని దర్జీ అన్న అంగడికి పోయాడు. దర్జీ అన్న బెంగుళూరులో పని నేర్చుకున్నవాడు. ఆ రోజుల్లోనే ఈ బ్యాండును పట్టుకున్నాడు. అప్పటికే తల నెరిసిన నలుగురు, ఇంగ్లీషు పాటలు. అంగట్లో ఆ క్యాసెట్టు నడుస్తోంది. గుండీ కుట్టడం అయిపోయింది, చొక్కా చేతికిచ్చాడు. మామ చొక్కా ఒళ్లో పెట్టుకుని, బనీను మీదే, క్యాసెట్టు రెండు పక్కలూ అయిపోయేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. పండగ భోజనానికి ఎదురుచూసి చూసి అత్త వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఆ క్యాసెట్టు మామ తెచ్చి నాకూ వినిపించాక మా ముగ్గురికీ అదే లోకమైపోయింది. మదనపల్లెకూ కుప్పానికీ నడుమ పుంగనూరు కాబట్టి మా ఇల్లే సభాస్థలం. ఆదివారం వాళ్లిద్దరూ చెరో బస్సులో దిగేవాళ్లు. మా ఇంటాయన ఆ రోజు పొలం పని పెట్టుకునేవాడు. బ్యాండు బెంగుళూరులో ఎప్పుడు పాడుతుందో కనుక్కోవడం దర్జీ అన్న పని. ఏ పాటతో మొదలుపెట్టాలి, దేనితో ముగించాలి అనేది తేల్చడం మా ముగ్గురి పని. బ్యాండువాళ్లు మమ్మల్ని అడగలేదన్న సంగతి మాకెప్పుడూ అడ్డం రాలేదు. పేర్లు కూడా మేమే పెట్టుకున్నాం. గిటారు మేకల్లాగా అరిచేది మేకల పాట. డోళ్లు బాక్సులు దించినట్లు దడదడలాడేది లోడు పాట.

"కొత్త పాటలు యాల పాడతారప్పా? ఎవురు అడిగినారు?" అని దర్జీ అన్న మండిపడేవాడు. ఆయన లెక్కలో లోడు పాటతోనే మొదలుపెట్టాలి.

"మంచి లాటు ముందే పెడితే ఆఖరి దాకా ఎవురప్పా నిలబడేది?" అని మామ కొట్టిపారేసేవాడు. "ముందు నాసిరకం ఇప్పు. జనం చేరనీ. అప్పుడు సూపించల్ల అసలు సరుకు."

ఆ అసలు సరుకు గురించి మాత్రం ముగ్గురిదీ ఒకే మాట. క్యాసెట్టులో రెండో పక్క ఆఖరి పాట. డోళ్లు లేవు, ఒక్క గిటారు, ఇద్దరి గొంతులు. మామ దానికి పెట్టుకున్న పేరు నిమ్మళం పాట. మా వైపు నిమ్మళం అంటే నెమ్మదీ, కుదురూ, బరువు దించుకున్న హాయీ అన్నీ కలిసిన మాట. జ్వరం తగ్గినవాణ్ణి "నిమ్మళంగా ఉండాదా?" అని అడుగుతాం. ఆ పాటలో మాటిమాటికీ వచ్చే ముక్క అదేనని మామ నమ్మకం. నేను లెక్కల టీచర్నే అయినా ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. అది "ఇన్ మై ల్యాండ్" అని, నా నేలలో అని అర్థమని చెప్పాను. అరిగిన టేపు, ఈడ్చి పాడే గొంతు, అందుకే అట్లా వినబడుతోందన్నాను.

"నీ ఇంగ్లీషు నీ దగ్గిర పెట్టుకో పాపా" అన్నాడు. "ఆ పాడేటోడు కోలారు గనుల కాడ పుట్టినోడంట. మనోళ్లు కూలికి పోయిండేది ఆడికే కదా. పగలంతా నేల కింద ఉండి పైకొచ్చినోడు ఏమంటాడు? అమ్మయ్య, నిమ్మళం అంటాడు. ఆ మాట ఆ పిల్లోడి చెవిన పడకుండా ఉంటాదా?"

ఎన్ని ఏళ్లు వాదించుకున్నామో. ఆ ఒక్క ముక్క మీద నేనూ తగ్గలేదు, ఆయనా తగ్గలేదు.

కష్టమల్లా ఒకటే. ఆ పాటను బ్యాండు వేదిక మీద పాడేది కాదు. కుప్పంలో రైలెక్కి పోయేవాళ్లం, మైదానంలో వెనక నిలబడేవాళ్లం, మేకల పాట వచ్చేది, లోడు పాట వచ్చేది, ఇది రాదు. ఆ పాటలో రెండో గొంతు పాడినతను చనిపోయాడని, అప్పటి నుంచీ దాన్ని ముట్టుకోవడం లేదని దర్జీ అన్న ఎక్కడో విని వచ్చాడు. నాకు అది న్యాయంగానే అనిపించింది. మామకు అనిపించలేదు. "పోయినోడి పాట పాడకుండా పెడితే, వాడు రెండు తూర్లు పోయినట్లు కాదా?" అన్నాడు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆయన గొంతు బొంగురుపోయింది. మండీ దుమ్ము అనుకున్నాం, మిరియాలు పెంచాం. బెంగుళూరు డాక్టరు చూసి గొంతులో గడ్డ అన్నాడు. కోసి తీసేయాలి, దాంతో పాటు మాట కూడా పోతుంది, ఆలస్యం చేస్తే మనిషే దక్కడన్నాడు. మామ అన్నీ విని ఒక్క మాట అడిగాడు. ఆ నెలాఖరున బ్యాండు కచేరీ ఉంది, అది అయ్యాక వచ్చి పడుకుంటానన్నాడు.

అత్త ఆస్పత్రి వరండాలోనే తల బాదుకుంది. "పాట కోసం పానం మీదికి తెచ్చుకుంటావా? నీకు పెండ్లాం లేదా? ఇల్లు లేదా?"

"గొంతు పోయినాక నేను అడిగేది యాడ?" అన్నాడు మామ. "ఒక్క తూరి, నా నోటితో అడిగి సూస్తా. పాడినాడా, ఇంగ మీరేం కోసుకుంటారో కోసుకోండి."

ఆ నెల ఎట్లా గడిచిందో అత్తకూ నాకూ తెలుసు. రాత్రీ పగలూ ఆయన దగ్గు వింటూ ఉండేది అత్త. నేను బడిలో లెక్క చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆయన మండీకి పోవడం మానేశాడు. ఇంట్లో కూడా మాట్లాడడం మానేశాడు. గొంతులో మిగిలిందాన్ని ఆ సాయంత్రానికని దాచిపెట్టుకున్నాడు. ఏం కావాలన్నా సైగే.

కచేరీ నాడు ముందు వరుసలకు వీలైనంత దగ్గరగా చొరబడ్డాం. చుట్టూ కాలేజీ పిల్లలు, నడుమ తువ్వాలు చుట్టుకున్న మామ, కొలత టేపు మెడలోనే మరిచిపోయి వచ్చిన దర్జీ అన్న, చేతిలో పులిహోర డబ్బాతో నేను. పాటలు ఒకటొకటే అయిపోతున్నాయి. ఇంక ఒక్క పాటే మిగిలిందని, ఏది కావాలని పాడే ఆయన మైకులో అడిగాడు. జనమంతా తలా ఒక పేరు అరిచారు. మామ అక్కడున్న ఇనప కుర్చీ ఎక్కాడు.

"నిమ్మళం!" అన్నాడు. "ఒకటో తూరీ!"

నేను విన్నాను ఆ గొంతును. నెలరోజులుగా దాచిన గొంతు, మండీ గొంతు. చుట్టుపక్కల అరుపులు ఆగిపోయాయి. పిల్లలు తలలు తిప్పి చూశారు. వేదిక మీద ఆయన లైట్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూశాడు.

"రెండో తూ..." అక్కడ గొంతు చిరిగిపోయింది. గాలి మాత్రం వచ్చింది.

ఆ పెద్దాయన మా వైపే చూస్తూ నవ్వాడు. ఏం అర్థమైందో, ఏం కాలేదో. తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగాడు. లోడు పాట మొదలైంది. మైదానమంతా ఎగిరింది. దర్జీ అన్న ప్రాణం పెట్టుకున్న పాట అది, ఆయన కుర్చీ కాళ్లు పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. ఆ నవ్విన మనిషి మీద నా కోపం ఈ రోజుకీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

మామను దించి నీళ్లు తాగించాను. "మూడోది కూడా అనేసుండాల్సింది మామా" అన్నాను.

"అనేస్తే పాట కొట్టేసినట్లే కదమ్మా" అన్నాడు, చెవి నోటి దగ్గర పెడితే తప్ప వినబడనంత మెల్లగా. "ఉండనీ."

ఆయన గొంతులో నేను విన్న చివరి మాట అది. రెండు రోజులకు ఆపరేషన్ చేశారు.

బతికాడు. చాలా ఏళ్లు బతికాడు. మండీకి పోయి కూర్చునేవాడు, తన చేతి కింద పని నేర్చుకున్న అతను పాట చెబుతుంటే తప్పుల్ని కనుబొమలతో దిద్దేవాడు. ఆదివారాలు మానలేదు. కచేరీలు మానలేదు. గొంతు లేని మనిషి కచేరీకి వచ్చి నా భుజం మీద తట్టేవాడు. ఒక తట్టు తడితే నేను "నిమ్మళం, ఒకటో తూరి" అనాలి. రెండు తడితే "రెండో తూరి". పట్టుచీర కట్టుకున్న పంతులమ్మ బెంగుళూరు మైదానంలో వేలం పాడుతుంటే నవ్వినవాళ్లు నవ్వారు. మూడో తట్టు మాత్రం ఎప్పుడూ తట్టలేదు. వాళ్లూ ఎప్పుడూ పాడలేదు. ఆఖరికి బ్యాండులో ఒకాయన మంచాన పడ్డాడని, ఇంక కచేరీలు లేవని తెలిసింది. ఆ కబురు మామకు ఎవరు చెప్పాలని నేనూ దర్జీ అన్నా నువ్వంటే నువ్వని తోసుకున్నాం.

పోయిన నెల నేనూ దర్జీ అన్నా చూడ్డానికి వెళ్లినప్పుడు మామ మంచం మీద ఎముకల గూడులా ఉన్నాడు. నన్ను చూసి ఒక వేలు ఎత్తాడు, తర్వాత రెండు వేళ్లు. "ఇంగ బ్యాండే లేదు కదన్నా" అని దర్జీ అన్న ఏడ్చేశాడు. మామ గోడ వైపు తిరిగాడు. ఇటు తిరిగినప్పుడు కూడా ఆ రెండు వేళ్లు దించలేదు. ఆ వేళ్లను చూస్తూ నేను ఏ దేవుడికీ మొక్కలేకపోయాను. ఏమని మొక్కాలి?

మొన్న ఆయన్ని తీసుకుపోయేటప్పుడు దారి మండీ ముందుగానే. ఆడవాళ్లం మండీ గేటు దగ్గర ఆగిపోవాలి. లోపల పాట నడుస్తోంది, మామ శిష్యుడే చెబుతున్నాడు. పాడె కనబడేసరికి "రెండో తూరి" దగ్గర ఆపేశాడు, రెండు వేళ్లు ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉంది. హమాలీలు నెత్తిన బాక్సులతోనే నిలబడ్డారు. మగవాళ్లు మలుపు వైపు సాగిపోయారు, వాళ్ల వెనక దర్జీ అన్న, ఆ పనికిరాని క్యాసెట్టును జేబులో పెట్టుకుని.

ఆ పాటలను జన్మలో ఒక్కనాడు మెచ్చుకోని మా అత్త నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. పాడె మలుపు తిరుగుతుంటే, ఎవరికీ వినబడాలని కాదు, తనలో తానే అంది. "నిమ్మళంగా పో. నిమ్మళంగా పో."

నాకు ఆ గిటారు వినబడింది. ఆ ఇద్దరి గొంతులు వినబడ్డాయి. ఇన్నేళ్లు వాదించిన నా చెవికి అందులో ఇంకో మాట దొరకలేదు.

తిరిగి చూస్తే మండీలో ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. సరుకు తెచ్చిన రైతు కూడా కానిమ్మని అనలేదు. మూడో తూరి చెప్పడానికి శిష్యుడు నోరు తెరిచాడు. గొంతు రాలేదు. చెయ్యి అట్లాగే ఎత్తుకుని, బాక్సుల మీద నిలబడి ఉన్నాడు.