చెవితో ఎంచుకున్న ఎడిటర్

కెనడాలోని థండర్ బేలో మాది వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు. మొత్తం నలుగురం. అందులో అందరికన్నా చెయ్యి తిరిగిన మనిషి ఐలా హెర్రనెన్. నలభై మూడో ఏట ఆమె చూపు పోయింది. ఒక్కరోజులో కాదు. రెండేళ్లపాటు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వచ్చి, ఒక నవంబరులో తెర మీది అక్షరం కనబడడం పూర్తిగా ఆగిపోయింది.

నాలుగు నెలలు సెలవు పెట్టి, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాంతో పనిచేయడం నేర్చుకుని వచ్చింది. ఈమెయిళ్లకు ఇబ్బంది లేదు. కోడ్ దగ్గరే చిక్కొచ్చింది. పదకొండేళ్లుగా కోడ్ రాసుకుంటున్న ఎడిటర్ ప్రోగ్రాంను తెరిస్తే ఆ గొంతు "ఖాళీ" అంటుంది. కింది లైనుకు దిగితే మళ్లీ "ఖాళీ". ఐదొందల లైన్లు ఎదురుగా ఉన్నా, ఆ ఎడిటర్ వాటిని చదివే ప్రోగ్రాంకు అందించదు, ఆమెకు ఒక్కటీ వినబడదు.

మా యజమాని లూసియన్ మంచివాడే గానీ నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఎందుకొచ్చిన తిప్పలు ఐలా? ఫోన్లు చూసుకో. నీ గొంతుకు కస్టమర్లు కరిగిపోతారు," అన్నాడు.

"నీ గొంతు విని పారిపోయినవాళ్లను వెనక్కి పిలవాలా?" అంది ఐలా. "నెల రోజులు టైమివ్వు. నాకు పనికొచ్చే ఎడిటర్ నేను వెతుక్కుంటా."

పరీక్ష ఆమే పెట్టుకుంది. నేను ఒక పేజీ కోడ్‌లో మూడు తప్పులు దాచాలి, ఆమె వాటిని పట్టాలి. లోకమంతా పొగుడుతున్న కొత్త ఎడిటర్‌తో మొదలుపెట్టాం. రెండక్షరాలు కొట్టగానే అది పది సలహాలు చదివేది. "అబ్బా, రాయనిస్తుందా ఇది! మా అత్త పక్కన కూర్చున్నట్టుంది," అని మూసేసింది. రెండోది మరీ మూగది. ఏ లైనులో ఉందో చెప్పదు. వారం రోజులు దాంతో కుస్తీ పట్టి, ఒక సాయంత్రం పని మధ్యలోనే కోటు వేసుకుని వెళ్లిపోయింది.

మూడోదాన్ని చూసి నాకు నవ్వాగలేదు. "ఇంత అందవిహీనమైన ఎడిటర్ ఎక్కడ దొరికింది నీకు? ఒళ్లంతా బూడిద రంగే!"

"దాని మొహంతో నాకేం పనే? మాట్లాడనీ."

మాట్లాడింది. లైను నంబరు చెప్పింది, లైను ఎంత లోపలికి జరిగి ఉందో చెప్పింది, తప్పున్న చోట చిన్న గంట మోగించింది. తొమ్మిది నిమిషాల్లో మూడు తప్పులూ దొరికాయి. ఆ సాయంత్రమే ప్రతి చుక్కా, ప్రతి గీతా పేరుపెట్టి చదివేలా గొంతును మార్చుకుంది. వేగం ఎంత పెంచిందంటే, మాకు కందిరీగల రొదలా వినబడేది.

మరుసటి ఫిబ్రవరిలో, మంచు మీద జారే స్కీ క్లబ్బు పిల్లల పందేలకు మేం చేసిన వెబ్‌సైట్‌లో పేర్ల నమోదు మొదలైంది. అందరి పేర్లూ ఎక్కుతున్నాయి గానీ, పది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు మాత్రం "ఈ విభాగం లేదు" అని వస్తోంది. తల్లిదండ్రుల ఫోన్లు ఆగడం లేదు. లూసియన్, నేను గంటసేపు కోడ్‌ను కళ్లతో జల్లెడ పట్టాం. "10-12" పైన విభాగాల జాబితాలోనూ ఉంది, కింద పేరు సరిచూసే చోటా ఉంది. తప్పేమీ కనబడదు.

"ఇద్దరూ కాసేపు నోళ్లు మూసుకోండి," అంటూ ఐలా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రెండు నిమిషాలు కాలేదు, చెయ్యెత్తింది. "ఆగండాగండి. పైన 'పది, డ్యాష్, పన్నెండు' అంది. కింద 'పది, ఎన్ డ్యాష్, పన్నెండు' అంది. ఇవి రెండూ ఒకటి కాదు!"

క్లబ్బువాళ్లు పంపిన కాగితం నుంచి ఆ అంకెలను కాపీ చేసింది నేనే. వాటితోపాటు వెంట్రుకవాసి పొడవైన గీత వచ్చి కూర్చుంది. మా కళ్లకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు. ఐలా ఒక్క గీత చెరిపి ఇంకోటి కొట్టింది. నిమిషంలో మొదటి పిల్లవాడి పేరు ఎక్కింది, వెనకే ఇంకో ఆరు. నేను కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. ఐలా రెండు చేతులూ పైకెత్తి నాకన్నా గట్టిగా అరిచింది.

లూసియన్ బయటికెళ్లి మా ఊళ్లో పేరున్న, గులాబీ రంగు క్రీము పూసిన పర్షియన్ బన్నులు డజను తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఫోన్లు చూసుకోమన్న నా నోట్లో ముందు ఇది కుక్కు," అన్నాడు.

"నీ నోటికి ఒక్కటి చాలదు," అని ఐలా రెండు తీసి అతని చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి వచ్చింది. ఏ వెబ్‌సైటైనా సరే, ఐలా దాని కోడ్ విని సరేనన్న తర్వాతే జనం ముందుకు వెళుతుంది.