తొమ్మిది చేపల లెక్క

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండలు ముదరక ముందు, ఉద్యోగంలో నాకు చివరి పని అప్పగించారు. అప్పుడు నేను బిలాస్‌పూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సీనియర్ అనలిస్టుని. పెద్ద కంపెనీల్లో అనలిస్టు అంటే కస్టమరుతో మాట్లాడి, ఆయనకు ఏం కావాలో రాసిచ్చే మనిషి. ప్రోగ్రామరు దాన్ని కట్టే మనిషి. టెస్టరు దాన్ని విరగ్గొట్టి చూసే మనిషి. మా ఆఫీసులో ఆ ముగ్గురూ నేనే. అంచేత నా తప్పుల్ని నేనే రాసి, నేనే కట్టి, నేనే పట్టుకోలేకపోయేదాన్ని.

అంతకుముందు బొగ్గు లారీల తూకానికి, స్కూలు ఫీజులకు, ఆసుపత్రి టోకెన్లకు ప్రోగ్రాములు రాశాను. ఈసారి వచ్చినవి చేపలు. ఇంట్లో పెట్టుకునే మంచినీటి అక్వేరియంలో ఎన్ని చేపలు వేయొచ్చో ఫోనులో చూసుకునే లెక్క కావాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని స్టాకింగ్ కాలిక్యులేటర్ అంటారు. మీరు రిటైరయ్యేలోగా పూర్తయ్యే పని ఇదొక్కటే ఉందని మా యజమాని అన్నారు. అది మర్యాదో ఎత్తిపొడుపో నేను అడగలేదు.

పని ఇచ్చింది హేమ. రాజ్‌కిశోర్ నగర్‌లో ఇంటి ముందు గదిలో చేపల దుకాణం పెట్టుకుంది. వాళ్ళ నాన్న సూర్యనారాయణ గారు లోకో పైలట్‌గా రైళ్ళు నడిపి రిటైరయ్యారు. హేమ వాళ్ళమ్మా నేనూ రైల్వే కాలనీలో ఒకే లైను క్వార్టర్లలో పెరిగాం. అందువల్ల హేమకు నేను పిన్నిని, ఆయన పిలుపులో చెల్లెమ్మను. కస్టమరు చుట్టరికం కలిపి పిలిస్తే బిల్లు సగం పోయినట్టేనని మా ఆఫీసులో ఒక నమ్మకం ఉండేది.

హేమ బాధ సూటిగానే ఉంది. జనం రెండడుగుల ట్యాంకు కొని, అందులో నిండా గోల్డ్‌ఫిష్ వేస్తారు. వారం తిరిగేసరికి అవి తేలతాయి. ఆదివారం పొద్దున్నే చచ్చిన చేపల్ని పాలిథిన్ కవర్లో వేసుకొచ్చి, బదులు చేపలిమ్మంటారు. ఇవ్వకపోతే పోట్లాట, ఇస్తే నష్టం. ముందే తక్కువ వేసుకోండని చెబితే, అమ్ముకోవడం చేతకాదని నవ్వి ఇంకో దుకాణానికి పోతారు.

“నేను కాదంటే కోపం వస్తాది పిన్నీ. కంప్యూటర్ కాదంటే బస్, అంతే, నమ్ముతారు. నా బదులు అది చెడ్డదవ్వాలి,” అంది.

నా ఉద్యోగ జీవితంలో ఇంత స్పష్టంగా అవసరం చెప్పిన కస్టమరు ఇంకొకరు లేరు.

అయితే గడువు ఉంది. ముందు గది అద్దెకిమ్మని మొబైల్ రిపేరు అతనొకడు సూర్యనారాయణ గారి చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన దసరా వరకు చూస్తానన్నారు. అప్పటికీ ఆదివారం పోట్లాటలు ఆగకపోతే గది అతనికి, ట్యాంకులు పాత సామాన్లవాడికి. హేమ చదువు అమ్మానాన్నలు చెప్పింది, పెళ్ళి వాళ్ళు చూసింది, ఆ పెళ్ళి నిలవకపోతే తిరిగొచ్చిందీ వాళ్ళింటికే. తనంతట తాను ఏర్పరచుకున్నది ఆ గది ఒక్కటే. ఆ మాట తను చెప్పలేదు, ట్యాంకుల అద్దాలు తుడిచే తీరు చూసి నాకే తెలిసింది.

లెక్క కట్టడం మొదలుపెట్టాను. చేపల పెంపకంలో ఒక పాత సూత్రం ఉంది, నీళ్ళు ఇన్ని ఉంటే చేపలు ఇన్ని అంగుళాలు అని. వినడానికి సులువు, నిజానికి పనికిరాదు. ఆరంగుళాల చేప ఒకటీ, అంగుళం చేపలు ఆరూ సమానం కావు. పొడుగు రెట్టింపైతే ఒళ్ళు రెట్టింపుతో ఆగదు, తిండీ మలమూ ఆ ఒళ్ళును బట్టే ఉంటాయి. ఆ మలం నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్లో స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా చేపలెక్కువైతే, అవి తమ నీళ్ళలో తామే విషం తిన్నట్టు పోతాయి. అందుకని నేను చేప ఇప్పుడెంతుందని కాక, పెరిగాక ఎంతవుతుందని లెక్క కట్టాను. గాజు కొలతల్లోంచి అడుగున గులకరాళ్ళకూ పైన ఖాళీకీ కొంత తీసేశాను.

విదేశీ లెక్కలన్నీ హీటరు ఎన్ని వాట్లదని అడుగుతాయి. మే నెల బిలాస్‌పూర్‌లో ఆ ప్రశ్న అడిగితే తంతారు. ఇక్కడ నీళ్ళు వాటంతటవే కాగుతాయి, కాగిన నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి గాలిపంపు ఆగుతుంది. కాబట్టి హీటరు ప్రశ్న తీసేసి, వేసవిలో చేపల సంఖ్య కొంత తగ్గించే కోత పెట్టాను. చేపలు సరిపడా ఉంటే పచ్చ రంగు, అంచున ఉంటే పసుపు, ఎక్కువైతే ఎరుపు. హిందీలో రాసి, తెలుగు మీట కూడా పెట్టాను. తెలుగు చదవడం హేమకు రాదు, కాలనీలో ఈ తరం పిల్లలెవరికీ రాదు. ఆ మీట నొక్కింది సూర్యనారాయణ గారు ఒక్కరే. నొక్కి, తప్పు పట్టారు.

“చెల్లెమ్మా, పసుపంటే ఆగమని కాదు. వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి పొమ్మని. ఈ ఊళ్ళో సగం మందికి ఆ సంగతి తెలుసు. నువ్వు పసుపు చూపిస్తే బండి పోనిచ్చేస్తారు,” అన్నారు.

రైల్వే ఊరికి సాఫ్ట్‌వేర్ రాస్తూ రంగులు పెట్టేముందు ఆలోచించుకోవాల్సింది. పసుపు తీసేశాను.

దుకాణం తలుపు మీద క్యూఆర్ కోడ్ అంటించాం. జనం బాగానే నొక్కారు. నేను టెస్టింగు పూర్తయిందని సంతకం పెట్టి, యజమానితో శభాష్ కూడా అనిపించుకున్నాను. ఆ వెనకే వచ్చిన ఆదివారం హేమ ఫోను చేసింది. పాలిథిన్ కవర్లు తగ్గలేదు. పైగా ఇప్పుడు కవరుతో పాటు ఫోను కూడా చూపిస్తున్నారు. ఫోనులో మా లెక్క, అందులో నిండుగా పచ్చ రంగు. మీ కంప్యూటరే సరేనంది, కాబట్టి బదులు చేపలివ్వండి అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. హేమ బదులు చెడ్డదవ్వాల్సిన యంత్రం, హేమ మీదే సాక్ష్యం చెబుతోంది.

“పిన్నీ, నాన్న టేపు పట్టుకొచ్చి గది కొలుచుకున్నాడు,” అంది హేమ. గొంతు మామూలుగానే పెట్టింది. నాకు మాత్రం సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. లెక్క మళ్ళీ పైనుంచి కిందికి చూశాను, తప్పు లేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే జబ్బు ప్రోగ్రాము రాసేవాళ్ళందరికీ ఉంటుంది, నాకూ ఉంది. లెక్క సరైనదైతే తప్పు జనానిదే అనుకున్నాను. ఆ మాట నిరూపించడానికే తర్వాతి ఆదివారం దుకాణంలో స్టూలేసుకుని కూర్చున్నాను.

మొదట వచ్చింది పార్వతమ్మ గారు, రైల్వే కాలనీలో గార్డు గారి భార్య. చేతిలో కవరు, కవర్లో రెండు గోల్డ్‌ఫిష్, వాటి పని అయిపోయింది. ఆవిడ ట్యాంకు రెండడుగులదని హేమకు తెలుసు, అమ్మింది తనే. ఫోనులో మాత్రం ఆరడుగుల ట్యాంకు ఉంది. ఇదెలా వచ్చిందని అడిగాను.

“రెండడుగులని కొడితే ఎర్రగా వచ్చింది. నాలుగన్నాను, అప్పుడూ ఎరుపే. వెడల్పూ ఎత్తూ కూడా పెంచి ఆరన్నాను, పచ్చొచ్చింది. మూడుసార్లు నొక్కాను, అంతే. ఏటౌద్ది?” అన్నారు ఆవిడ, ఏమాత్రం తడుముకోకుండా.

ఆవిడ రాసిన ట్యాంకు ఆవిడ మంచం కంటే పెద్దది. ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వి, ఫారం అన్నాక పని అయ్యేలా నింపుకోవాలి గానీ, ఉన్నదున్నట్టు రాస్తే ఎవరికవుతాయమ్మా పనులు అన్నారు. మా ఊళ్ళో ఫారాలకున్న విలువ ఒక్క ముక్కలో చెప్పేశారు. సరే, ట్యాంకును ఇంత సాగదీసే బదులు చేపల్ని తగ్గించొచ్చు కదా అన్నాను.

అప్పుడు ఆవిడ నన్ను జాలిగా చూశారు. “తొమ్మిది ఉండాల కదేటి? ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. వాస్తు. గ్రహాలు తొమ్మిదైతే చేపలు ఏడుంటాయేటి?”

ఇంట్లో చేప చనిపోతే ఆ ఇంటి గండాన్ని తను పట్టుకుపోయినట్టు లెక్క అని కూడా చెప్పారు. మరైతే పోయినందుకు పోట్లాట ఎందుకని అడిగాను. గండం పోతే మంచిదే, లెక్క తగ్గితే ఎలాగ అన్నారు. ఆ పొద్దున వచ్చిన వాళ్ళందరినీ చేపలు ఎన్ని కావాలని అడిగాను. తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, బెంగాలీలు, అందరి నోటా తొమ్మిదే. నేను ఇన్నాళ్ళూ ఈ ట్యాంకుకు ఎన్ని చేపలు అనే ప్రశ్నకు జవాబు కట్టాను. ఈ ఊళ్ళో ఎవరికీ ఆ ప్రశ్నే లేదు.

సోమవారం లెక్కను తిరగేశాను. మొదటి తెరలో తొమ్మిది చేపలు అని ముందే రాసి ఉంటుంది, మార్చుకోదలిస్తే మార్చుకోవచ్చు. తర్వాత ట్యాంకు కొలతలు అడుగుతుంది. ఎన్ని అని కాకుండా, ఆ తొమ్మిది ఏ రకం చేపలైతే బతుకుతాయో జవాబిస్తుంది. రెండడుగుల ట్యాంకుకు గోల్డ్‌ఫిష్ రాదు, ప్లాటీ అనే చిన్న చేప వస్తుంది. ఎర్ర బంగారు రంగు ప్లాటీలు ఎనిమిది, నల్ల ప్లాటీ ఒకటి, అన్నీ మగవే. ఆడవాటిని కలిపితే నెల తిరిగేసరికి తొమ్మిది ఎంతవుతుందో ఏ వాస్తూ చెప్పలేదు.

పార్వతమ్మ గారు చూసి, మా వాస్తు సిద్ధాంతి గారు బంగారు చేప అన్నారు గానీ ఈ బుల్లి చేప అని చెప్పలేదు, ఆయన ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదన్నారు. మా వృత్తిలో చివరి మెట్టు కస్టమరు ఆమోదం. దాన్ని నేను కలెక్టరాఫీసుల్లో తీసుకున్నాను, గనుల్లో తీసుకున్నాను. సిద్ధాంతి దగ్గర తీసుకోవడం అదే మొదలు.

ఆయన లింగియాడీహ్‌లో ఉంటారు. రిటైరైన టికెట్ ఎగ్జామినర్, ఇప్పుడు వాస్తు చూస్తారు. హేమా నేనూ వెళ్ళాం. వాస్తుకు రంగు ముఖ్యమా, జాతి ముఖ్యమా అని అడిగాను. ఆయన ఈశాన్యం మూల మూడడుగుల ట్యాంకులో తిరుగుతున్న తన తొమ్మిది గోల్డ్‌ఫిష్ వైపు చూశారు. అందులో రెండు అప్పటికే పక్కకు ఒరిగి ఈదుతున్నాయి.

“ఒక మాటడుగుతాను. ఇవి నెలనెలా పోతున్నాయి. ఇంటికి ఇన్ని గండాలున్నాయా అని మా ఆవిడకి నిద్ర నేదు. రెండు శాంతులు చేయించాను. ఇది గండం కాదంటారా?” అన్నారు.

అమ్మోనియా అని చెప్పాను. హేమ నీళ్ళు పరీక్షించే చుక్కల మందు వేసి, సీసాలో తిరిగిన ముదురు రంగు చూపించింది. ఆ రంగు ఆయనకు అర్థమవడానికి నా లెక్క అవసరం పడలేదు. ఆ ముఖంలో ఎంత తేలిక వచ్చిందంటే, అంతవరకూ నవ్వు ఆపుకుంటున్న నాకు ఆయన మీద నిజంగా ప్రేమ కలిగింది. రంగే ముఖ్యం, జాతి కాదు అని తేల్చారు. తన ట్యాంకు కొలతలు లెక్కలో పెట్టమని ఫోను హేమ చేతికిచ్చారు, సరిగ్గా మూడడుగులే, అంగుళం పెంచొద్దన్నారు.

ఆ తర్వాత మూడడుగులని, రెండడుగులని, ఒకటిన్నర అని కొలతలు రావడం మొదలైంది. ఆరడుగుల ట్యాంకులు ఊళ్ళోంచి మాయమైపోయాయి. తొమ్మిది దొరికాక ఎవరికీ అబద్ధమాడే పని లేకపోయింది. పార్వతమ్మ గారైతే గాజు మందం కూడా తీసేసి రాశారు. కవర్లు ఒక్కసారిగా ఆగలేదు, వారం వారం పలచబడ్డాయి. ఒక ఆదివారం హేమ ఫోను చేసి, ఈరోజు ఒక్కరూ రాలేదు పిన్నీ అంది. నాకు చాలా సంతోషం వేసింది.

దసరా ముందు మొబైల్ రిపేరు అతను అడ్వాన్సు పట్టుకొచ్చాడు. నేను అప్పుడు దుకాణంలోనే ఉన్నాను. సూర్యనారాయణ గారు కళ్ళజోడు పెట్టుకుని ఎవరికో ప్లాటీలు లెక్కపెట్టి కవర్లో వేస్తున్నారు. అతను గది మాట ఎత్తాడు.

“గది నాదే బాబూ. దుకాణం నాది కాదు. ఆవిడనడుగు,” అన్నారు, లెక్క తప్పకుండా.

హేమ కుదరదంది. తన నోటితో కాదనడం నేను వినడం అదే మొదలు. అతను కోపగించుకోలేదు, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు చివర్లో నేను రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అడిగితే ఈ ఒక్క సంగతే చెబుతాను. మనిషి దేన్ని వదులుకోడో ముందు కనుక్కుని, దాన్ని ఒప్పుకుని, మిగతావి అడగాలి. మొదటి మాటే కాదని చెప్పే లెక్కకు ఎవరూ నిజమైన కొలతలివ్వరు.